కంపెనీ ఎత్తేసిన కారు కొనొచ్చా? షెవర్లే గురించి నా లెక్క

బొబ్బిలి నుంచి ఒక మాస్టారు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ పెదనాన్నగారి షెవర్లే బీట్ డీజిల్ ఉందట. 2014 మోడలు, ఏపీ 35 నంబరు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంట్లోవాడివే కదా అని లక్షా పది వేలకు ఇస్తామంటున్నారు. కొనొచ్చా అన్నది ఒక ప్రశ్న. అమెరికాలో అంత పెద్ద పేరున్న కంపెనీ మన దేశంలో ఎందుకు దుకాణం కట్టేసిందన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: కొనొచ్చు మాస్టారూ, ఆ ధరకు మాత్రం వద్దు. ఎంతకు కొనాలో, కొనేముందు ఏం చూసుకోవాలో చివర్లో చెబుతాను. రెండోది కొంచెం పెద్ద కథ. నేను విజయనగరంలో పదేళ్ళు షెడ్డులో స్పానర్ పట్టుకుని, తర్వాత పాత కార్లు కొని అమ్మే పనిలోకి వచ్చినవాణ్ణి. ఈ కార్లు రావడం, ఊపందుకోవడం, పోవడం మూడూ కళ్ళారా చూశాను. పేపర్లవాళ్ళు చెప్పే కారణాలు వేరేగా ఉంటాయి, నా లెక్క నాది.

మన ఊళ్ళలో కొత్త కారు కొనాలనుకున్నవాడు షోరూము మెట్లెక్కకముందే మాలాంటివాళ్ళ దగ్గరకొచ్చి టీ తాగుతూ ఒక మాట అడుగుతాడు: "రేపు అమ్మితే ఎంతొస్తుందండీ?" ఐదేళ్ళ తర్వాత ఆ బండి కొనబోయేవాడెవడో మాకూ తెలీదు, వాడికీ తెలీదు. అయినా ఆ కనబడని మనిషే ఇవాళ్టి బేరాన్ని నడిపిస్తాడు. షెవర్లే మీద ఆ రెండో మనిషికి ఎప్పుడూ పూర్తిగా ధైర్యం కుదరలేదు. మిగతా కారణాలన్నీ నాకు దీని చుట్టూ తిరిగేవిగానే కనిపిస్తాయి.

ఎందుకు కుదరలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. షెవర్లే 1911లో డెట్రాయిట్‌లో పుట్టింది. లూయీ షెవర్లే అనే రేసు డ్రైవరు, విలియం డ్యురాంట్ అనే వ్యాపారి కలిసి పెట్టారు. తర్వాత జనరల్ మోటర్స్‌లో, అంటే జీఎంలో కలిసిపోయింది. ఆ జీఎం 1928లోనే బొంబాయిలో బండ్లు బిగించడం మొదలుపెట్టి, 1954లో సర్దుకుని వెళ్ళిపోయింది. అంటే మన దేశం వదిలి వెళ్ళడం వాళ్ళకు కొత్త కాదు. నలభై ఏళ్ళ తర్వాత హిందుస్థాన్ మోటర్స్‌తో కలిసి మళ్ళీ వచ్చారు. 1996లో గుజరాత్‌లోని హాలోల్ ఫ్యాక్టరీ నుంచి ఓపెల్ ఆస్ట్రా దిగింది, తర్వాత ఓపెల్ కోర్సా. బండ్లు మంచివే. తలుపు వేస్తే బీరువా తలుపు వేసినట్టు ధబ్‌మని శబ్దం వచ్చేది. కానీ 2003లో షెవర్లే పేరు తెచ్చి, 2006కల్లా ఓపెల్ పేరే తీసేశారు.

కోర్సా కొన్నవాడి సంగతి ఒక్కసారి ఆలోచించండి. కంపెనీ ఉంది, షోరూము ఉంది, వాడి బండి పేరు మాత్రం బోర్డు మీద లేదు. అమ్మకానికి తెస్తే "ఇది ఏ కంపెనీదండీ?" అని అడిగేవాళ్ళు. అక్కడే మొదటి గీత పడింది.

ఇంకో ముడి కూడా ఉంది. దేవూ అనే కొరియా కంపెనీ మీకు గుర్తుండే ఉంటుంది. 1995లో సియెలో తెచ్చింది, తర్వాత మాటిజ్ తెచ్చింది. మాటిజ్ ముద్దుగా, గుండ్రటి కళ్ళతో ఉండేది. దాని రూపం గీసింది ఇటలీకి చెందిన జుజారో కంపెనీ. శాంత్రో, ఇండికా వచ్చిన రోజుల్లోనే ఇదీ వచ్చింది, వాటికి గట్టి పోటీయే ఇచ్చింది. ఈలోగా కొరియాలో అప్పుల్లో మునిగి 1999లో దేవూ గ్రూపు కూలిపోయింది. దాని అధిపతి కిమ్ వూ చూంగ్ దేశం వదిలి పారిపోయాడు. కార్ల కంపెనీ 2000లో దివాలా తీసింది. 2002లో జీఎం దాన్ని కొన్నప్పుడు కొరియా ఫ్యాక్టరీలు తీసుకుంది గానీ, ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్ ఫ్యాక్టరీని ముట్టుకోలేదు. ఇక్కడ మాటిజ్ కొన్నవాళ్ళు గాల్లో ఉండిపోయారు.

తర్వాత జీఎం మనకు తెచ్చిన షెవర్లేలు ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నారు? ఆప్ట్రా, ఏవియో, స్పార్క్, క్యాప్టివా, అన్నీ ఆ కొరియా దేవూ ఇంటి పిల్లలే. 2007లో స్పార్క్ వచ్చిన కొత్తలో మా షెడ్డుకు ఒకాయన కొత్త బండి చూపించడానికి తెచ్చారు. ఆయనతో వచ్చిన మామగారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, హెడ్‌లైట్ మీద చెయ్యి వేసి నిమురుతూ, "ఇది మన మాటిజ్జే కదురా, పేరు మార్చినారు" అన్నారు. ఆయన దగ్గర అప్పటికే ఒక మాటిజ్ పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉంది. ఇంజిన్ మారింది, మాటిజ్‌కు 796 సీసీ, మూడు సిలిండర్లు. స్పార్క్‌కు 995 సీసీ, నాలుగు సిలిండర్లు. కానీ ముసలాయన కన్ను తప్పలేదు. అదే ఇంటి బండి. అల్లుడి మొహం వాడిపోవడం నేను చూశాను. ఆ బండికి ఏ లోపమూ లేదు. పెరట్లో టార్పాలిన్ గుర్తొచ్చింది, అంతే.

ఇంతవరకూ చదివి ఈ కంపెనీకి మన జిల్లాల్లో ఎప్పుడూ వెలుగు లేదనుకోకండి. తవేరా ఉంది కదా!

తవేరా 2004లో వచ్చింది. అది జపాన్ ఇసుజు వాళ్ళ బండి, పాంథర్ అనేవాళ్ళు. కింద లారీలాగా ఛాసిస్, వెనక బరువు మోసే కమాన్ పట్టీలు, 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్. సరిగ్గా అదే సమయంలో టయోటావాళ్ళు క్వాలిస్ ఆపేసి 2005లో ఇన్నోవా దించారు. ఇన్నోవా ధర వినగానే స్టాండులో డ్రైవర్లు చేతులెత్తేశారు. క్వాలిస్ పోయిన ఖాళీలోకి తవేరా నేరుగా వచ్చి కూర్చుంది. దాన్ని షెవర్లే అని ఎవరూ అనలేదు. "షెవర్లే" అని పలకాలని చాలామందికి తెలీదు కూడా, చెవర్లెట్ అనేవాళ్ళు. స్టాండులో మాత్రం అది తవేరా, అంతే.

అప్పట్లో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ట్రావెల్స్ బండ్లలో తవేరాలు వరసగా నిలబడి ఉండేవి. పెళ్ళివారు, అన్నవరం వ్రతాలు, అరసవల్లి రథసప్తమి, సింహాచలం చందనోత్సవం, వైజాగ్ ఆస్పత్రులు, అన్నింటికీ అదే. కంపెనీ పది సీట్ల రకం కూడా ఇచ్చింది. మనవాళ్ళు పదితో ఎందుకు ఆగుతారు? పిల్లల్ని ఒళ్ళో, సామాన్లు పైన, మగపెళ్ళివారి బావమరిది డ్రైవరు పక్కన సగం సీటు మీద. సాలూరు ఘాటీలో ఆ లోడుతో రెండో గేరులో గుర్రుగుర్రుమంటూ ఎక్కేది. సాలూరులో లారీల పని చేసే మేస్త్రీలకు ఈ బండి చూడగానే అర్థమైపోయింది. కమాన్ పట్టీ విరిగితే అక్కడే కొట్టి వేసేసేవారు. కంపెనీ సర్వీసు సెంటరు అక్కర్లేని బండి కాబట్టే తవేరాకు రెండో చేతిలోనూ మంచి ధర పలికింది. నేను చెప్పిన రెండో మనిషి ఉన్నాడే, వాడు ధైర్యంగా కొన్న షెవర్లే నాకు తెలిసి ఇదొక్కటే.

ఇక కార్లవైపు వాళ్ళకు బాగా కలిసొచ్చిన రోజులు 2010, 2011. బీట్ 2010లో వచ్చింది. వెనక తలుపు హ్యాండిల్ కిటికీ మూలలో దాచినట్టు ఉంటుంది, చూసినవాళ్ళు రెండు తలుపుల కారనుకునేవారు. కుర్రాళ్ళకు తెగ నచ్చింది. 2011లో బీట్ డీజిల్ వచ్చింది. 936 సీసీ, మూడు సిలిండర్లు, చిన్న టర్బో. పెట్రోలు ధర ఎగబాకుతున్న రోజులవి, డీజిలు చవక. లీటరుకు 24 కిలోమీటర్లని కంపెనీ లెక్క. రోడ్డు మీద 18, 19 వచ్చినా మనవాళ్ళకు పండగే. ఆ రెండేళ్ళూ దేశం మొత్తం మీద ఏడాదికి లక్ష దాటి అమ్మారు. వాళ్ళకు అదే శిఖరం.

అక్కణ్ణుంచి దిగడం ఎందుకంటే, ఒకటి కొత్త బండ్లు తప్పుగా ఎంచుకున్నారు. 2009 చివర్లో చైనాకు చెందిన సాయిక్ కంపెనీతో ఇండియా వ్యాపారంలో పొత్తు కలిపారు. ఆ దారిలో 2012లో సెయిల్, 2013లో ఎంజాయ్ వచ్చాయి. చైనా బండ్లని మనవాళ్ళు తక్కువగా చూశారనడం పూర్తిగా నిజం కాదు, ఆ సంగతి చాలామందికి తెలీదు కూడా. అసలు సంగతి ఏమిటంటే ఆ సమయానికి మారుతీ ఎర్టిగా వచ్చేసింది, స్విఫ్ట్ కొత్త రూపంలో వచ్చింది, హ్యుందాయ్ వాళ్ళు లోపలి సోకులన్నీ పెట్టేశారు. సెయిల్‌లో కూర్చుంటే డ్యాష్‌బోర్డు చప్పగా ఉండేది. డబ్బు పెట్టి చప్పటి బండి కొనడానికి మారుతీ పేరైనా ఉండాలి.

రెండోది తవేరాకు తగిలిన దెబ్బ. 2013 జులైలో 2005 నుంచి 2013 దాకా తయారైన తవేరాలను, లక్షా 14 వేల బండ్లను, కంపెనీ వెనక్కి పిలిచింది. పొగ నిబంధనల పరీక్షకు వెళ్ళే బండ్లలో విడిగా ఎంచిన ఇంజిన్లు పెట్టి పంపారని, బరువు లెక్కల్లోనూ తేడా చేశారని బయటపడింది. కొంతమంది ఉద్యోగులను తీసేశారు, కొంతకాలం తవేరా తయారీ ఆపేశారు. మన స్టాండులో డ్రైవర్లకు పొగ నిబంధనల గోల పట్టలేదు. "బండి నడుస్తంది కదా" అనేశారు. కానీ తయారీ ఆగిన ఆ నెలల్లో కొత్త బండి కావాల్సినవాడు బొలెరో కొన్నాడు, ఎర్టిగా కొన్నాడు, మళ్ళీ వెనక్కి రాలేదు. స్టాండులో ఒకసారి వరస మారితే మారినట్టే.

తర్వాతది వేగంగా జరిగిపోయింది. 2015లో జీఎం పెద్ద మేరీ బారా ఇండియాకు వచ్చి 100 కోట్ల డాలర్లు పెడతామన్నారు, హాలోల్ మూసి అంతా పుణె దగ్గర తలేగావ్‌లో చేస్తామన్నారు. ఏడాది తిరక్కుండా ఆ డబ్బు ఆపేశారు. 2017 మే 18న ఆ ఏడాది చివరికల్లా ఇండియాలో అమ్మకాలు ఆపేస్తామని ప్రకటించారు. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో దేశంలో అమ్మినవి దాదాపు 26 వేలు, తలేగావ్ నుంచి ఎగుమతి చేసినవి దాదాపు 71 వేలు. మనకు అక్కర్లేని బీట్లు మెక్సికోవాళ్ళు ఎక్కి తిరుగుతున్నారన్నమాట! ఇక్కడ చెయ్యడం చేతకాక పోలేదని దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ ఎగుమతి కూడా 2020 డిసెంబరుతో ఆగింది. హాలోల్ అదే సాయిక్ వాళ్ళ ఎంజీ కంపెనీ చేతికి, తలేగావ్ హ్యుందాయ్ చేతికి వెళ్ళాయి. ఇంకో తమాషా చెప్పనా? హాలోల్‌లో తయారయ్యే ఎంజీ హెక్టర్ ఉందే, అదే మోడలును వేరే దేశాల్లో షెవర్లే క్యాప్టివా పేరుతో అమ్మారు.

2017లో ఆ ప్రకటన వచ్చిన మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకు నా షట్టరు ఇంకా సగమే లేచింది. ఒకాయన ఎంజాయ్ తెచ్చి ఆపి, దిగకుండానే కిటికీలోంచి, "ఏటండీ, కంపినీ ఎత్తెత్తన్నారట కదా! మా బండి ఇప్పుడెంతకెల్తాది?" అన్నారు. రెండేళ్ళ బండి. లోపల సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తియ్యలేదు. ఆ వారంలో అలా నలుగురొచ్చారు.

అప్పుడు నేనొక తెలివైన పని చేశాననుకున్నాను. భయంతో అమ్ముతున్నారు కదా, తగ్గించి కొని, గోల సద్దుమణిగాక అమ్ముదాం అనుకుని మూడు బండ్లు కొన్నాను. బీట్ పెట్రోలు రెండు నెలల్లో పోయింది. ఎంజాయ్ ఒక స్కూలువాళ్ళు కొన్నారు. మిగిలింది సెయిల్ డీజిల్, తెల్లది, 41 వేల కిలోమీటర్లు, గీత కూడా లేదు. దాని ఇంజిన్ ఫియట్ మూలం నుంచి వచ్చిన 1.3 లీటర్ల మల్టీజెట్, స్విఫ్ట్ డీజిల్‌లో ఉండే ఇంజిన్‌కు తోబుట్టువు. మెకానిక్‌ను కాబట్టి నాకది బంగారంలా కనిపించింది.

అదే వరసలో పక్కన ఒక స్విఫ్ట్ డీజిల్ ఉంది. సెయిల్ కంటే రెండేళ్ళు పాతది, 90 వేలు తిరిగింది, ఎడమ తలుపు మీద సొట్ట ఉంది. వచ్చినవాళ్ళందరికీ రెండు బానెట్లూ ఎత్తి చూపించేవాణ్ణి. "చూడండి, ఇదీ అదీ ఒక తల్లి పిల్లలే, ఇది సగం కూడా తిరగలేదు, పైగా 60 వేలు తక్కువ" అని. తల ఊపేవారు. సెయిల్ స్టీరింగ్ పట్టుకుని కూర్చుని చూసేవారు. ఏసీ వేసి చూసేవారు. దిగి, చేతులు దులుపుకుని, స్విఫ్ట్ సొట్ట దగ్గర నిలబడి దాని ధర అడిగేవారు. పది రోజుల్లో స్విఫ్ట్ పోయింది. సెయిల్ ఆ ఏడు పైడితల్లమ్మ సిరిమాను పండగ చూసింది, సంక్రాంతి చూసింది. చివరికి ఎనిమిది నెలలకు రాయగడ నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరుకు 40 వేలు నష్టానికి ఇచ్చాను. ఆ తప్పు నాదే, ఎవర్నీ అనను. మెకానిక్ కళ్ళతో కొని, వ్యాపారి కళ్ళతో అమ్మాలనుకున్నాను.

ఇక మీ బీట్ సంగతికొద్దాం మాస్టారూ.

మీరు మళ్ళీ అమ్మాలనే ఆలోచన లేకుండా, 2029లో 15 ఏళ్ళు నిండేదాకా నడుపుకోవడానికైతే ఇది చవకైన బండి. రోజూ బొబ్బిలి నుంచి బడికి, వారానికోసారి విజయనగరానికి, ఆ లెక్కకు బాగానే సరిపోతుంది. అమ్మేటప్పుడు డబ్బు రాదు కాబట్టి కొనేటప్పుడే తగ్గాలి. నేనైతే 70 వేల దగ్గర మొదలుపెట్టి 80 దాటను. పెదనాన్నగారితో బేరం ఇబ్బందిగా ఉంటే ఈ సమాధానం ఆయనకే చూపించండి.

బండిని పొద్దున్నే చూడండి. ముందురోజు రాత్రి నుంచి ఎవరూ స్టార్ట్ చెయ్యకూడదు. చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే ముందు భాగం నుంచి గొలుసు గిలకరించినట్టు చప్పుడొచ్చి, కొన్ని సెకన్లకు మించి ఆగకపోతే టైమింగ్ చైను అరిగినట్టు. ఇంజిన్ ఆయిలు వేళకు మార్చని బండ్లలో అది ముందు పోతుంది. సర్వీసు బిల్లులు అడగండి. బిల్లుల్లేవంటే ఇంకో పది వేలు తగ్గించండి. మూడు సిలిండర్ల ఇంజిన్ కాబట్టి నిలబడి ఉన్నప్పుడు కొంచెం వణుకు మామూలే, దానికి కంగారు పడొద్దు. బాగా తొక్కినప్పుడు వెనక నీలం పొగ వస్తే మాత్రం టర్బో దగ్గర ఆయిలు పోతోందేమో చూపించండి. ఏటవాలు రోడ్డు మీద, మూడో గేరులో, ఏసీ వేసి ఎక్కించి చూడండి. ఇంజిన్ అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ అయిపోయింది.

సామాన్ల భయం సగమే నిజం. కంపెనీ వెళ్తూ వారంటీలు, సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామని మాట ఇచ్చింది. ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, బేరింగులు బయట కంపెనీలవి దొరుకుతాయి. ఇబ్బందల్లా బయటి ఒంటితోనే. హెడ్‌లైట్, బంపరు, ఫెండరు, తలుపు అద్దం, వెనక ఆ దాచిన హ్యాండిల్. ఒకసారి నాకు ఒక బండి హెడ్‌లైట్ కావాల్సి వచ్చి వైజాగ్‌లో ఒక షాపువాడికి డబ్బు కట్టాను. వారంలో అన్నవాడు రెండు నెలలు తిప్పి చివరికి కుడివైపుది బదులు ఎడమవైపుది పంపించాడు. అందుకే గాజువాక ఆటోనగర్‌లో తుక్కు బండ్లు విప్పే షాపుల్లో బీట్ హెడ్‌లైట్ల జత కనిపిస్తే ఇప్పుడే కొని అటక మీద పడెయ్యండి. గొర్రె అడ్డొచ్చిన రోజు నన్ను తలుచుకుంటారు.

కాగితాల్లో ఆర్సీ మీద ఫైనాన్సు కంపెనీ పేరు ఉందేమో చూడండి. అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆ పేరు కొట్టించకుండా వదిలేసేవాళ్ళు చాలామంది. ఇంట్లోవాళ్ళ బండే కదా అని పేరు మార్పు వాయిదా వెయ్యకండి. 29, 30 ఫారాల మీద పెదనాన్నగారి సంతకాలు అదే రోజు పెట్టించండి. ఇన్సూరెన్సు కూడా మీ పేరుకు మారాలి.

ఇంకొక్కటి. రెండో తాళం ఉందో లేదో అడగండి. ఉంటే సరే. ఇంట్లో ఎక్కడో ఉందంటే, అది దొరికాకే డబ్బు ఇవ్వండి. తాళంలో చిప్ ఉంటే, ఇప్పుడు కొత్తది చేయించడం హెడ్‌లైట్ కంటే పెద్ద తలనొప్పి.